గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ కింద గుడగుడ: క్రాంకు బేరింగులు మార్చాలా?

ఎర్రగుంట్ల_లారీ | మే 9, రాత్రి 10.15

అన్నలందరికీ నమస్కారం. నాది పది చక్రాల బండి, 2014 మోడల్, ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, బీఎస్-3, ఇన్‌లైన్ డీజిల్ పంపు. నాలుగేళ్ల కింద సెకండ్ హ్యాండులో కొన్నాను. ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. ఎర్రగుంట్ల నుంచి బెంగళూరుకు బండలు తోలుతుంటాను. కడప దాటాక గువ్వలచెరువు ఘాట్ నిండు లోడు మీద ఎక్కాలి.

మూడు వారాలుగా ఒక శబ్దం మొదలైంది. ఘాట్‌లో గేరు మార్చడం కాస్త ఆలస్యమై ఇంజన్ బరువుగా లాగుతున్నప్పుడు కాళ్ల కింద రేకు అదిరేటట్టు లోతుగా గుడ్ గుడ్ అంటుంది. యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతుంది. ఖాళీ బండిలో దాదాపు వినపడదు. ఆయిల్ గేజ్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు 50 చూపిస్తుంది. ఘాట్ ఎక్కి పాలకోవా అంగళ్ల దగ్గర ఆపి ఐడిల్‌లో పెడితే ముల్లు 8 దగ్గర వణుకుతోంది. పోయిన ఏడాది ఇదే చోట 20కి తగ్గేది కాదు.

ముగ్గురికి చూపించాను. ఒకాయన గేజ్ సెన్సార్ పోయిందన్నాడు. ఇంకొకాయన మొత్తం ఇంజన్ పని చేయించమన్నాడు. మూడో ఆయన మందం ఆయిల్ పోసి తోలుకో అన్నాడు. ఫైనాన్స్ కంతులు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

డోన్_డ్రైవర్ | మే 9, రాత్రి 10.52

అన్నా, మెయిన్ బేరింగులు, అంటే క్రాంకును బ్లాకులో పట్టి ఉంచేవి, అరిగాయి, అంతే. భయపడవద్దు. ఇంజన్ దించే పనే లేదు. కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పి, బేరింగులను కింద నుంచి పట్టే క్యాపులు ఒక్కొక్కటే తీసి, క్రాంకు ఆయిల్ రంధ్రంలో చిన్న పిన్ను పెట్టి చేత్తో తిప్పితే పై షెల్లు (బేరింగులో సగం ముక్క) దానంతట అదే జారి బయటికి వస్తుంది. కొత్తది అలాగే తిప్పి ఎక్కించవచ్చు. నా బండికి ఒక్క రోజులో చేశారు. ఆ తర్వాత రెండేళ్లు తోలాను.

క్రాంకు_మేస్త్రీ | మే 10, ఉదయం 6.20

ప్రొద్దుటూరులో లేత్, క్రాంకు గ్రైండింగ్ పని నాది. 31 ఏళ్లుగా చేస్తున్నా. ఎర్రగుంట్ల తమ్ముడూ, ముందు బండి నిలబెట్టు. ఈ శబ్దంతో ఇంకొక్క ఘాట్ ఎక్కావంటే బేరింగుల ఖర్చు కాస్తా క్రాంకు ఖర్చవుతుంది, బ్లాకు ఖర్చయినా ఆశ్చర్యం లేదు. షెల్లు క్రాంకుకు అతుక్కొని తన గూట్లోనే గిర్రున తిరిగిపోయిన ఇంజన్లు నా షాపుకు ఎన్నో వచ్చాయి.

రెండోది, డ్యాష్‌బోర్డు గేజ్‌ను నమ్మవద్దు. సెన్సార్ విప్పి ఆ రంధ్రంలోనే పైపు గేజ్ పెట్టి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడాలి. ఈ తరగతి ఇంజన్లు చాలావాటికి వేడి మీద ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో 10 పీఎస్ఐకి, పూర్తి స్పీడులో 30కి తగ్గకూడదని పుస్తకాల్లో ఉంటుంది. అది చావుబతుకుల హద్దు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అంతకంటే చాలా పైన ఉంటుంది.

మూడోది, శబ్దం ఎక్కడిదో తేల్చుకోవాలి. బిగెండ్ బేరింగ్, అంటే పిస్టన్ రాడ్ క్రాంకును పట్టుకునే చోటిది, పోతే కాస్త చురుకైన దెబ్బ, సుత్తితో దాగలి మీద కొట్టినట్టు టక్ టక్ అంటుంది. మెయిన్ బేరింగ్ దెబ్బ బరువుగా, లోతుగా వస్తుంది. నీది ఇన్‌లైన్ పంపు కాబట్టి ఐడిల్‌లో ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు లూజు చేసి ఆ సిలిండర్‌ను ఆపి చూడు. ఒక సిలిండర్ ఆపగానే శబ్దం మాయమైతే ఆ సిలిండర్ బిగెండ్ మీద అనుమానం. పక్కపక్కన రెండు ఆపితే తగ్గుతుందంటే ఆ రెండింటి నడుమ ఉన్న మెయిన్‌ను చూడాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గుతోందా, పెరుగుతోందా? ఇది చెప్పు, తక్కినవి తర్వాత మాట్లాడదాం.

నేర్చుకుంటున్నా_కర్నూలు | మే 10, ఉదయం 8.05

మేస్త్రీ అన్నా, నాజిల్ పైపు లూజు చేసే పద్ధతి కొత్త బండ్లకు కూడా చేయవచ్చా? మా గ్యారేజీకి బీఎస్-4, బీఎస్-6 బండ్లే ఎక్కువగా వస్తున్నాయి.

క్రాంకు_మేస్త్రీ | మే 10, ఉదయం 8.30

చేయకూడదు నాయనా. అవి కామన్ రైల్ బండ్లు, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందుతుంది. ఆ పైపుల్లో వెయ్యి బార్లకు పైన ప్రెషర్ ఉంటుంది. నట్టు లూజు చేస్తే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కంత గాయం కనిపిస్తుంది, లోపల చెయ్యి పాడవుతుంది. అలా ఎవరికైనా జరిగితే కడిగి కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆ బండ్లకు స్కానర్ పెట్టి ఇంజెక్టర్లు ఒక్కొక్కటే ఆపి చూడాలి.

ఎర్రగుంట్ల_లారీ | మే 10, మధ్యాహ్నం 1.40

మేస్త్రీ, మీరు అడిగాక డిప్‌స్టిక్ తీశాను. పై గీతకు రెండు వేళ్లు పైన ఉంది. రెండు నెలల నుంచి నేను పైన పోసింది ఒక్క చుక్క లేదు. పాత ఇంజన్ అయినా ఆయిల్ తాగడం లేదని ఇన్నాళ్లూ సంతోషపడ్డాను.

వాసన చూస్తే డీజిల్ వాసనే. వేళ్ల మధ్య రుద్దితే నీళ్ల మాదిరి జారిపోతోంది.

క్రాంకు_మేస్త్రీ | మే 10, మధ్యాహ్నం 2.10

అదే నా అనుమానం. నీ బేరింగులు అరిగింది వాటి తప్పు వల్ల కాదు. ఆయిల్‌లోకి డీజిల్ దిగుతోంది. అది ఎక్కడి నుంచో కనిపెట్టకుండా కొత్త షెల్లు వేస్తే అవి కూడా ఇదే దారి పడతాయి.

ల్యాబ్_మేడం_కర్నూలు | మే 10, సాయంత్రం 7.25

డిప్లొమా పిల్లలకు డీజిల్ ల్యాబ్ చెబుతాను. మేస్త్రీ గారు చెప్పినదానికి కారణం రాస్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మందం ఆయిల్ సలహా ఎందుకు పనికిరాదో కూడా అర్థమవుతుంది.

క్రాంకు బేరింగులో ఇనుము ఇనుమును తాకదు. క్రాంకు తిరిగేటప్పుడు తన ఊపుతో ఆయిల్‌ను తన కిందికి లాక్కుంటుంది, ఆ ఆయిల్ పొర మీద తేలుతుంది. తడి రోడ్డు మీద వేగంగా పోయే టైరు నీళ్ల మీద ఎలా లేస్తుందో అలాగే. ఆయిల్ పంపు ప్రెషర్ ఆయిల్‌ను అక్కడికి చేర్చడానికే. సిలిండర్‌లో మంట పుట్టినప్పుడు పడే టన్నుల బరువును మోసేది మాత్రం ఆ పొరే. దాని మందం వెంట్రుకలో ఎన్నో వంతు. ఆయిల్ పలచబడితే పొర కూడా పలచబడుతుంది. వేగం తక్కువ, బరువు ఎక్కువ అయినప్పుడు, అంటే మీరు చెప్పిన ఘాట్‌లో ఆలస్యంగా గేరు మార్చినప్పుడే, పొర తెగి లోహం లోహాన్ని రాసుకుంటుంది.

15డబ్ల్యూ-40 ఆయిల్‌కు 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 సెంటీస్టోక్స్‌కు తగ్గకూడదని ప్రమాణం. దాంట్లో డీజిల్ కలిస్తే డబ్బా మీద ఏం రాసి ఉన్నా లోపల ఉండేది ఆ ఆయిల్ కాదు. మందం ఆయిల్ పోస్తే గేజ్ ముల్లు కొన్ని రోజులు పైకి లేస్తుంది. డీజిల్ దిగడం ఆగదు, అరిగిన సందు పూడదు. పైగా పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైనున్న బేరింగులకు, టర్బోకు చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చివర నుంచి ఒక్క చుక్క వడపోత కాగితం మీద వేసి గంటసేపు కదపకుండా ఉంచండి. నడుమ నల్లటి మచ్చ, దాని చుట్టూ లేత పసుపు రంగులో వెడల్పాటి తడి వలయం పాకితే డీజిల్ ఉన్నట్టే. ఎంత శాతం ఉందో చెప్పలేదు గానీ ఉందా లేదా అన్నది చెబుతుంది.

అనంత_రిగ్గు | మే 10, రాత్రి 9.48

మాది అనంతపురం వైపు బోరు రిగ్గు. మేడం చెప్పింది చదివాక నా నష్టం రాయాలనిపించింది.

కంప్రెసర్ తిప్పే పెద్ద డీజిల్ ఇంజన్. మూడేళ్ల కింద బిగెండ్ పోయి ఐదో నంబర్ రాడ్ బ్లాకు పగలగొట్టుకుని బయటికి వచ్చింది. అప్పటికి ఎనిమిది నెలల కిందే కొత్త బేరింగులు వేయించాం. వేసినాయన మీద కోపం తెచ్చుకున్నాం, గొడవ కూడా పడ్డాం. తర్వాత విప్పి చూస్తే ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకు పోయే రబ్బరు గొట్టం కింది వైపు బొటనవేలు పట్టేంత చీలిక. బోరు వేసేటప్పుడు లేచే రాతిపిండి అంతా దాంట్లోంచి నేరుగా ఇంజన్లోకి. మొదట రింగులు పోయాయి, ఆ పిండే ఆయిల్‌లో కలిసి బేరింగులను సానబట్టింది. షెల్ల మీద రాతిరేణువులు గుచ్చుకుని మెరుస్తుంటే చూశాను. మేం మొదటిసారి పాత షెల్లను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసుంటే అప్పుడే తెలిసేది. వాటిని తూకానికి అమ్మేశాం.

ఎర్రగుంట్ల అన్నా, నువ్వు తిరిగేది పాలిషింగ్ ఫ్యాక్టరీల మధ్య. ఆ బండల పొడి మా పొడికంటే మెత్తన. చాంబర్ దించిన రోజే ఎయిర్ గొట్టాలు, క్లిప్పులు కూడా చూపించు.

డోన్_డ్రైవర్ | మే 10, రాత్రి 10.30

డీజిల్ దిగే సంగతి నేను ఆలోచించలేదు, నిజమే. అయితే ఆ లీకు బాగు చేసి, నేను చెప్పినట్టు షెల్లు మాత్రం మారిస్తే సరిపోదా? క్రాంకు దించాలంటే గేర్‌బాక్స్, ఫ్లైవీల్, ముందు టైమింగ్ అన్నీ ఊడదీయాలి. వారం రోజులు బండి పడుకుంటుంది. కంతుల మీద ఉన్నవాడికి వారం అంటే చిన్న మాట కాదు.

క్రాంకు_మేస్త్రీ | మే 11, ఉదయం 6.35

నీ మాటను కొట్టిపారేయడం లేదు డోన్ తమ్ముడూ. శబ్దం రాకముందే, ఇన్ని వేల గంటలకు అని లెక్క పెట్టుకుని షెల్లు మార్చేవాళ్లు ఇంజన్ దించకుండా చాసిస్ మీదే మారుస్తారు, అది తప్పు కాదు. క్రాంకు గుండ్రంగా ఉన్నంతవరకూ ఆ పని చెల్లుతుంది. శబ్దం చేసిన క్రాంకు గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన జర్నల్ (క్రాంకు మీద బేరింగ్ కూర్చునే భాగం) మీద కొత్త షెల్లు వేస్తే ఒకవైపు బిగువు, ఇంకోవైపు సందు. రెండేళ్లు నడిచిందన్నావు, మంచి ఇంజన్ అయితే అంతకంటే చాలా ఎక్కువ నడవాలి.

పైగా చాసిస్ మీద మెయిన్ జర్నల్‌కు మైక్రోమీటర్ పట్టదు. నొక్కుకున్న వెడల్పును బట్టి సందు చెప్పే ప్లాస్టిగేజ్ తీగ పెట్టి చూద్దామన్నా క్రాంకు తన బరువుకు కిందికి కూర్చుని ఉంటుంది, సందు అబద్ధం చెబుతుంది. జాకీతో పైకి ఎత్తిపట్టి కొలవాలి. అంత జాగ్రత్త ఎంతమంది తీసుకుంటారు?

ముందు చాంబర్ దించి, రెండు మెయిన్ క్యాపులు, రెండు బిగెండ్ క్యాపులు విప్పి షెల్ల ఫొటోలు పెట్టు. ఏ సిలిండర్‌వి, పైదా కిందిదా అన్నది ప్రతి షెల్లు వెనక మార్కర్‌తో రాసుకో. కలిపి సంచిలో వేసుకోవద్దు.

ఎర్రగుంట్ల_లారీ | మే 13, రాత్రి 8.50

నిన్న పైపు గేజ్ పెట్టి చూశాం. వేడి మీద ఐడిల్‌లో 7. కాగితం పరీక్షలో మేడం చెప్పిన పసుపు వలయం స్పష్టంగా వచ్చింది. ఇవాళ చాంబర్ దించాం. కడప బైపాస్ దగ్గర నాకు తెలిసిన మెకానిక్ షెడ్డులో చేస్తున్నాం. ఆయన కూడా ఈ చర్చ చదువుతున్నాడు.

ఆయిల్ బకెట్‌లోకి వదిలాక అడుగున బంగారు పొడి చల్లినట్టు మెరుపు. ఫిల్టర్‌ను కట్ చేసి కాగితం విప్పి ఎండలో పెడితే మడతమడతలో అదే మెరుపు. చూడగానే గుండె జారింది.

నాలుగో మెయిన్ కింది షెల్లు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. కొత్త షెల్లు మసక వెండి రంగులో ఉంటుంది కదా. ఇది నడుమంతా ఎర్రటి రాగి తేలి, అంచుల్లో మాత్రమే వెండి రంగు మిగిలింది. గోటితో అడ్డంగా గీస్తే గోరు టక్ టక్‌మని గీతల్లో పడుతోంది. పై షెల్లు మాత్రం అంత చెడిపోలేదు. మూడో సిలిండర్ బిగెండ్‌లో దీనికి తలకిందులు, పై షెల్లు రాగి తేలింది, కిందిది బాగానే ఉంది. ఇలా ఎందుకు?

ఇంకొక సంగతి. నాలుగో మెయిన్ కింది షెల్లు వెనక నుంచి వెండికాగితం ముక్క రాలింది. మసిబారి నల్లగా, షెల్లు ఆకారానికి కత్తిరించి పెట్టిన ముక్క. నేను కొన్నాక ఈ ఇంజన్ విప్పలేదు. నాకు అమ్మకముందే ఎవరో శబ్దం అణచడానికి పెట్టారు. షెల్ల వెనక 0.25 అని గుద్ది ఉంది.

ల్యాబ్_మేడం_కర్నూలు | మే 13, రాత్రి 9.30

అది సహజమేనండి. మంట పిస్టన్‌ను కిందికి నెడుతుంది. పిస్టన్ రాడ్‌ను నెడితే రాడ్ పై షెల్లు క్రాంకు మీద పడుతుంది, క్రాంకు వెళ్లి కింది మెయిన్ షెల్లు మీద పడుతుంది. అందుకే బిగెండ్‌లో పైది, మెయిన్‌లో కిందిది ముందు అరుగుతాయి. మీ షెల్లు బరువు మోసిన చోటే అరిగాయి. ఒకవైపు అంచు మాత్రమే అరిగి ఉంటే రాడ్ వంగిందనో, జర్నల్ ఏటవాలుగా అరిగిందనో అనుమానపడాలి.

రాగి ఎందుకు కనిపించిందంటే, ఈ రకం షెల్లు పొరలుగా తయారవుతుంది. వెనక ఉక్కు, దాని మీద రాగి సీసం మిశ్రమం, పైన వెంట్రుకకంటే సన్నటి మెత్తని పూత. ఆ మెత్తని పూత చిన్న చిన్న రేణువులను తనలో ఇముడ్చుకుని క్రాంకును కాపాడుతుంది. అది పోయి రాగి బయటపడిందంటే ఆ కాపలా పోయినట్టే. అన్ని షెల్లకూ రాగి ఉండదు, అల్యూమినియం రకాలు కూడా ఉన్నాయి. వాటిలో రంగును బట్టి కాక గీతల్ని, కొలతల్ని బట్టి చూడాలి.

పాలకొండ_మెకానిక్ | మే 13, రాత్రి 10.05

ఎర్రగుంట్ల అన్న బండి నా షెడ్డులోనే ఉంది. ఆ వెండికాగితం చూసి నాకు చాలా బాధ అనిపించింది. షెల్లు వెనకభాగం గూటికి పూర్తిగా అతుక్కుని ఉండాలి, అప్పుడే వేడి బ్లాకులోకి పోతుంది. మధ్యలో ఏది పెట్టినా వేడి దిగదు, షెల్లు అక్కడ ఊగుతుంది. అరిగిన సందును వెనక నుంచి నెట్టి పూడ్చడం బేరింగ్ పని కాదు. ఎవరూ దయచేసి ఈ పని చేయవద్దు, ఓనర్లు అడిగినా చేయవద్దు.

డీజిల్ లీకు దొరికింది. ఇన్‌లైన్ పంపు పక్కన ఉండే ఫీడ్ పంపు స్పిండిల్ అరిగింది. డీజిల్ దాని వెంబడి పంపు క్యామ్ గదిలోకి, అక్కడి ఆయిల్‌తో కలిసి ఇంజన్‌లోకి. పంపు షాపులో పెట్టి చూపించాం, పంపు ఎలిమెంట్లు బాగానే ఉన్నాయి. ఫీడ్ పంపు కొత్తది వేస్తున్నాం. ఎయిర్ గొట్టాలు అన్నీ విప్పి చూశాను, చీలికలు లేవు. టర్బో షాఫ్టు ఊగిసలాట హద్దులోనే ఉంది.

రేపు ఇంజన్ దించి క్రాంకు ప్రొద్దుటూరుకు పంపుతున్నాం.

క్రాంకు_మేస్త్రీ | మే 16, సాయంత్రం 6.10

క్రాంకు వచ్చింది. కొలతలు అందరికీ పనికొస్తాయని రాస్తున్నా.

ఈ ఇంజన్‌కు స్టాండర్డ్ మెయిన్ జర్నల్ 83 మి.మీ. ఇంతకుముందే 0.25 తీశారు కాబట్టి 82.75 ఉండాలి. నాలుగో జర్నల్ ఒక దిక్కున 82.69, దానికి అడ్డంగా కొలిస్తే 82.63. అంటే 0.06 కోడిగుడ్డు. బిగెండ్లలో మూడోది కూడా దారి తప్పింది. తక్కినవి కాస్త మేలు, కానీ మెయిన్లన్నీ ఒకే సైజు, బిగెండ్లన్నీ ఒకే సైజు ఉండాలనేది నా పద్ధతి. అన్నీ 0.50కి తీస్తున్నా. ఈ సైజులు వ్యాసం మీద చెప్పేవి. 0.25 నుంచి 0.50కి పోవడమంటే చుట్టూరా 0.125 మాత్రమే తీస్తాం.

చక్రం తాకించకముందు క్రాక్ టెస్టు చేశాను. క్రాంకును అయస్కాంతం చేసి, ఇనుప పొడి కలిపిన ద్రవం పోస్తే కంటికి కనపడని పగులు మీద పొడి గీతలా నిలబడుతుంది. ఆయిల్ రంధ్రాల నోళ్లు, జర్నల్ పక్కన మూల వంపులు ముఖ్యంగా చూడాలి. ఏమీ లేదు, నీ అదృష్టం బాగుంది తమ్ముడూ.

ఆ మూల వంపు గురించి రెండు మాటలు. జర్నల్ గోడను కలిసే చోట గుండ్రటి వంపు ఉంటుంది. గ్రైండింగ్ చక్రం మూలను సరిగ్గా తీర్చకుండా నిటారుగా దించితే ఆ వంపు పోయి పదునైన మూల మిగులుతుంది. క్రాంకు విరిగితే ఎక్కువగా అక్కడే విరుగుతుంది. కొలత ఎంత చక్కగా ఉన్నా ఈ వంపు పోతే క్రాంకు పోయినట్టే. గ్రైండింగ్ చేయించేవాళ్లు సైజు ఒక్కటే అడుగుతారు, వంపు గేజ్ పెట్టి చూపించమని కూడా అడగండి. మంచి పనివాడు సంతోషంగా చూపిస్తాడు.

నేర్చుకుంటున్నా_కర్నూలు | మే 16, రాత్రి 9.15

అన్నా, గ్రైండింగ్ చేస్తే క్రాంకు గట్టిదనం పోతుందంటారు. నిజమేనా?

క్రాంకు_మేస్త్రీ | మే 17, ఉదయం 6.25

క్రాంకును బట్టి ఉంటుంది. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో వేడి చేసి గట్టిపరచడం) చేసినదైతే గట్టి పొర లోతుగా, మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. రెండు మూడు సైజులు తీసినా మిగులుతుంది. ఇది ఆ రకం. నైట్రైడింగ్ (నైట్రోజన్ పట్టించి గట్టిపరచడం) చేసిన క్రాంకులో పొర చాలా పలచన, అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. దాన్ని తీశాక మళ్లీ నైట్రైడింగ్ చేయించాలో వద్దో ఆ ఇంజన్ పుస్తకంలో చూడాలి. కొన్ని క్రాంకులను అసలు తీయకూడదని, మార్చేయాలని కంపెనీయే రాస్తుంది.

తీశాక పాలిష్ కూడా గ్రైండింగ్ అంత ముఖ్యం. మా నాన్న నేర్పిన పరీక్ష ఇప్పటికీ చేస్తా. రాగి ముక్క తీసుకుని జర్నల్ మీద అడ్డంగా రుద్దాలి. రాగి రంగు జర్నల్‌కు అంటితే ఇంకా గరుకు ఉన్నట్టు. అంటకపోతే సరే. ఆయిల్ రంధ్రాల నోళ్లు కూడా పదును పోయేటట్టు మెత్తగా చాంఫర్ చేయాలి, లేకపోతే కొత్త షెల్లును గీరేస్తాయి.

పాలకొండ_మెకానిక్ | మే 21, రాత్రి 10.40

క్రాంకు తిరిగొచ్చింది. ఫిట్టింగ్ మొదలుపెట్టేముందు రెండు రోజులు కడగడానికే పోయాయి, ఎవరూ ఈ రోజుల్ని ఆదా చేసుకోవద్దు. క్రాంకు లోపలి ఆయిల్ దారుల్లో గ్రైండింగ్ బురద ఉంటుంది. బ్లాకులోని ఆయిల్ దారుల (గ్యాలరీల) ప్లగ్గులన్నీ విప్పి, పొడవాటి బ్రష్షు తోసి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టాను. మూడో ప్లగ్గు దగ్గర నుంచి ఇంకా ఆ రాగి మెరుపు వచ్చింది. ఆయిల్ కూలర్‌ను ఎంత కడిగినా లోపల ఇరుక్కున్న పొడి పూర్తిగా రాదు, అందుకే అన్నను ఒప్పించి కొత్తది వేశాను. ఆయిల్ పంపు విప్పి గేర్ల సందు కొలిచాను, పంపు సరిపోయింది. ప్రెషర్ ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వు మాత్రం గీతలు పడి ఇరుక్కుంటోంది, మార్చాను.

తర్వాత షెల్లు లేకుండా క్యాపులు టార్కుకు బిగించి గూళ్లు బోర్ గేజ్‌తో కొలిచాను. వెండికాగితం పెట్టిన నాలుగో గూడు చెడిపోయిందేమోనని భయం. హద్దులోనే ఉంది. గూళ్లన్నీ ఒకే వరసలో మళ్లీ కోయించే లైన్ బోరింగ్ అవసరం తప్పింది.

నేర్చుకుంటున్నా_కర్నూలు | మే 21, రాత్రి 11.05

అన్నా, ఒక సందేహం. నేను షెల్లు కూర్చోబెట్టినప్పుడు దాని అంచు గూటి అంచుకంటే కొద్దిగా పైకి వస్తోంది. సరిగ్గా కూర్చోలేదని ఆకురాయితో రాయమని మా షాపులో ఒకాయన చెప్పాడు. రాయవచ్చా?

పాలకొండ_మెకానిక్ | మే 21, రాత్రి 11.30

ముట్టుకోవద్దు తమ్ముడూ. అది కావాలని ఇచ్చిన ఎత్తు. రెండు షెల్లూ ఒక్కొక్కటి గూటికంటే కాస్త పొడుగ్గా ఉంటాయి. క్యాపు బిగించినప్పుడు ఆ ఎక్కువ భాగం నొక్కుకుని షెల్లు గూటిని గట్టిగా హత్తుకుంటుంది. షెల్లు తిరగకుండా పట్టి ఉంచేది ఆ బిగువే. గాడిలో కూర్చునే చిన్న నాలుక తిరగకుండా పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు, అది సరైన చోట కూర్చోబెట్టడానికి మాత్రమే. అంచు రాస్తే షెల్లు వదులవుతుంది, వదులైన షెల్లు తిరుగుతుంది.

అలాగే షెల్లు వెనకభాగం, గూడు పొడిగా తుడిచి కూర్చోబెట్టాలి, ఆయిల్ రాయకూడదు. పోగులు ఊడే గుడ్డతో తుడవద్దు. లోపలి ముఖానికి మాత్రం ధారాళంగా ఆయిల్ పట్టించాలి. ఆయిల్ రంధ్రం ఉన్న షెల్లు బ్లాకు వైపు పడాలి. రంధ్రం లేనిది అక్కడ వేస్తే ఆ జర్నల్‌కు ఆయిల్ అందదు, స్టార్ట్ చేసిన కాసేపటికే పట్టేస్తుంది. బ్లాకు వైపు వేసే ప్రతి షెల్లుకూ రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూస్తాను.

ఎర్రగుంట్ల_లారీ | మే 24, రాత్రి 9.20

నిన్నంతా పక్కనే కూర్చున్నాను. ఆరు సిలిండర్ల ఇంజన్‌కు మెయిన్లు ఏడు జతలు, బిగెండ్లు ఆరు జతలు, 26 షెల్లు. ఒక్కొక్కటీ తుడిచి, వెనక 0.50 అని ఉందో లేదో చదివి నా చేతికి ఇచ్చి మళ్లీ చదవమన్నాడు. మెయిన్ సందు 0.07 మి.మీ. వచ్చింది. పుస్తకంలో పై హద్దు 0.119.

బోల్టుల మరలకు, తల కింద ఆయిల్ రాసి, నడుమ క్యాపు నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ, మూడు విడతల్లో టార్కు కట్టాడు. ప్రతి క్యాపు బిగించాక క్రాంకును చేత్తో తిప్పి చూశాడు. ఏడూ బిగించాక రెండు చేతులతో పట్టుకుని నన్ను తిప్పమన్నాడు. అంత బరువు క్రాంకు వెన్నలా తిరిగింది. బిగెండ్ బోల్టులు కొత్తవి వేశాం. రాడ్, దాని క్యాపు మీద నంబర్లు ఒకేవైపు వచ్చేటట్టు చూసి బిగించాడు.

క్రాంకు ముందుకూ వెనక్కూ కదిలే సందు ఇంతకుముందు 0.52 ఉండేది. పుస్తకంలో 0.43 దాటకూడదు. ఓవర్‌సైజు థ్రస్ట్ వాషర్లు వేస్తే 0.20కి వచ్చింది. ఇది నా తప్పే, సిగ్నల్స్ దగ్గర గేరులో పెట్టి క్లచ్ తొక్కి ఉంచే అలవాటు నాది. క్లచ్ తొక్కినంతసేపూ క్రాంకు ముందుకు నెట్టబడి థ్రస్ట్ వాషర్ మీద ఆనుకుంటుందట. ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నా, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

క్రాంకు_మేస్త్రీ | మే 25, ఉదయం 6.15

స్టార్ట్ చేసేముందు ఆయిల్ బేరింగులకు చేరాలి, మరిచిపోవద్దు. ఫిల్టర్ నిండా ఆయిల్ పోసి బిగించండి. డీజిల్ ఆపేసి సెల్ఫ్ కొట్టండి, గేజ్ ముల్లు లేచేవరకు. ఒక్కసారికి అర నిమిషం మించకుండా, నడుమ రెండు నిమిషాలు ఆపుతూ. ముల్లు లేచాకే డీజిల్ వదలండి.

అనంత_రిగ్గు | మే 25, ఉదయం 7.40

అన్నా, పాత షెల్లు దాచిపెట్టు. నంబర్లతో సహా.

ఎర్రగుంట్ల_లారీ | మే 26, మధ్యాహ్నం 12.30

దాచాను అన్నా, గుడ్డలో చుట్టి.

నిన్న సాయంత్రం స్టార్ట్ చేశాం. మూడుసార్లు సెల్ఫ్ కొట్టాక ముల్లు లేచింది. స్టార్ట్ అయ్యాక మెకానిక్ చాంబర్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఏమీ మాట్లాడలేదు. స్క్రూడ్రైవర్ నా చేతికి ఇచ్చాడు. నేను విన్నాను. ఒకే మోత, నడుమ దెబ్బ లేదు.

బాగా వేడెక్కాక ఐడిల్‌లో 26 పీఎస్ఐ.

డోన్_డ్రైవర్ | మే 26, మధ్యాహ్నం 1.10

చాలా సంతోషం అన్నా. నా బండి శబ్దం మళ్లీ మొదలైంది, ఇన్ని రోజులూ పట్టించుకోలేదు. వచ్చే వారం క్రాంకు దించుతున్నా. మేస్త్రీ అన్నా, మీ దగ్గరికే తెస్తాను.

క్రాంకు_మేస్త్రీ | మే 26, రాత్రి 8.00

తీసుకురా తమ్ముడూ. దారిలో క్రాంకును నేల మీద పడుకోబెట్టి తీసుకురావద్దు. నిటారుగా నిలబెట్టి కట్టు, లేదా చెక్క దిమ్మెల మీద మెయిన్ల దగ్గర ఆనించు. జర్నల్లకు ఆయిల్ రాసి కాగితం చుట్టు.

ఎర్రగుంట్ల_లారీ | జూన్ 14, రాత్రి 9.55

వెయ్యి కిలోమీటర్లు దాటాయి. మేస్త్రీ చెప్పినట్టు మొదటి ఆయిల్ తొందరగా మార్చి, ఫిల్టర్ కట్ చేసి చూశాను. మడతల్లో నాలుగైదు సన్నటి మెరుపులు కనిపించాయి. మళ్లీ భయం వేసింది. డిప్‌స్టిక్ మాత్రం వేసిన గీత దగ్గరే నిలబడింది, డీజిల్ వాసన లేదు. నిన్న నిండు లోడుతో గువ్వలచెరువు ఎక్కాను. ఈసారి ఇంజన్ బరువెక్కకముందే గేరు దించుతూ పోయాను. పైన కోవా అంగళ్ల దగ్గర ఐడిల్‌లో 24.

ఆ మెరుపులు ఏమిటి?

క్రాంకు_మేస్త్రీ | జూన్ 15, ఉదయం 6.10

ఎంత కడిగినా గ్యాలరీల్లో మిగిలింది కొంత మొదటి ఆయిల్‌తో బయటికి వస్తుంది. నాలుగైదు చుక్కలకు భయపడవద్దు. వాటి కింద అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే ఉక్కు, నాకు ఫోన్ చెయ్యి. అంటుకోకపోతే ఫిల్టర్ కాగితం ఒక ముక్క తేదీ వేసి దాచుకో. తర్వాతి ఫిల్టర్‌ను దాంతో పోల్చు. పెరగకూడదు.

ఎర్రగుంట్ల_లారీ | జూన్ 15, ఉదయం 7.25

అయస్కాంతానికి ఏమీ అంటలేదు మేస్త్రీ. కాగితం మీద జూన్ 14 అని రాసి షెల్లతో పాటు పెట్టాను.